చివరి మడి

నా భార్య సత్యవ్వ చనిపోయిన రోజు ఆమె బీపీ మంచిగా ఉంది. ఆ మాట నాకు ముగ్గురు చెప్పారు. ముగ్గురి పేర్లూ గుర్తున్నాయి. మరిచిపోయే ఉద్దేశం లేదు.

మాది సిరిసిల్ల. పుట్టింది కొడిమ్యాల పక్కన ఒక పల్లెలో. అక్కడి బడిలో ఏడో తరగతి దాకా చదివి, సిరిసిల్లకు వచ్చి సాంచెల మీద పనికి కుదిరాను. నలభై ఎనిమిదేళ్లు మరమగ్గాల చప్పుడులోనే గడిచాయి. సత్యవ్వ బీడీలు చుట్టేది. చాట ముందు మెడ వంచి కూర్చుని కూర్చుని ఆమె నడుము పోయింది. నొప్పికి రోజూ గోలీలు మింగింది. గోలీలు కడుపులో పుండు చేశాయి. పుండు లోపల్లోపల కారింది. బయటికి ఒక్క చుక్క కనిపించలేదు. వాడకట్టు డాక్టరు చేతికి పట్టీ చుట్టి, బీపీ మంచిగుంది, నరాల బలహీనత అని బలం సూది వేశాడు. చేతులు చల్లగున్నాయి అంటే చలికాలం కదా అన్నాడు. సాయంత్రం ఆసుపత్రికి చేర్చేసరికి అయిపోయింది.

అంతా అయిపోయాక చెప్పేవాళ్లకు కొదవ ఉండదు. ఆసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, కేసు కాగితం వెనక బొమ్మ గీసింది. ఒంట్లో రక్తం అన్ని భాగాలకూ ఒకే తీరున పోదట. తిన్నప్పుడు పేగులకు ఎక్కువ, పని చేసేటప్పుడు కండలకు ఎక్కువ, ఎండలో తిరిగితే చర్మానికి ఎక్కువ. సన్న రక్తనాళాలు బిగుసుకుంటూ, వదులవుతూ ఎటు ఎంత పోవాలో చూసుకుంటాయట. రక్తం తగ్గిపోతే ఒళ్లు ముందు చర్మానికి ఆపుతుంది, తర్వాత పేగులకు, మూత్రపిండాలకు. ఉన్నదంతా గుండెకూ మెదడుకూ మళ్లిస్తుంది. అందుకే పట్టీ కట్టి చూస్తే బీపీ చాలాసేపు బాగానే కనిపిస్తుంది. ఇక బిగబట్టలేనప్పుడు ఒక్కసారిగా పడిపోతుంది.

“అర్థమైందా?” అంది.

“మా నాయిన నీరటి,” అన్నాను.

ఆమె నా మొహం చూసింది. పట్నంలో చదివిన పిల్ల. నేను విడమరిచి చెప్పలేదు.

నీరటి అంటే చెరువు నీళ్లు ఎవరి పొలానికి ఎంత వదలాలో చూసేవాడు. నీళ్లు తక్కువైన ఏడు మా నాయిన చివరి మళ్లకు పోయే పిల్ల కాలువలకు మట్టి పెట్టి కట్టేసేవాడు. ఉన్న నీళ్లు నారుమళ్లకు దక్కాలి కదా. పెద్ద కాలువ మొదట్లో కొలతకు ఒక రాయి పాతి ఉండేది. చివరి మళ్లు కట్టేస్తే ఆ రాయి దగ్గర నీటిమట్టం తగ్గదు. జీపులో వచ్చిన సారు రాయిని చూసి, నీళ్లు మస్తున్నాయని రాసుకుని పోయేవాడు. నాయిన పంచె ఎగ్గట్టి చివరి మడి దాకా నడిచేవాడు. అక్కడ మట్టిలో వేలు గుచ్చి చూసేవాడు. చెరువు సంగతి ఆయనకు ఆ వేలే చెప్పేది.

సత్యవ్వ ఒంట్లో చివరి మళ్లు ఆ రోజు పొద్దున్నే ఎండాయి. వేళ్లు మంచు. తెల్లారినప్పటి నుంచి మూత్రం లేదు. నీరటి కొడుకునై ఉండి నేనూ రాయినే చూశాను.

అది మూడేళ్ల కింది మాట. ఈ వానకాలంలో నా బిడ్డ శ్రీలతకు కాన్పయింది. మొదటి కాన్పు తల్లిగారింట్లో కావాలి. తల్లి లేని ఇంట్లో బాలింతను ఎవరు చూస్తారని వియ్యపురాలు సమ్మక్క దాన్ని కోరుట్లలోనే ఉంచుకుంది. నేను తలూపాను. జగిత్యాల ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. మూడో రోజు ఇంటికి పంపారు. ఐదో రోజు పొద్దున నేను సిరిసిల్లలో మొదటి బస్సెక్కి, వేములవాడ మీదుగా కోరుట్లలో దిగాను. ఇల్లు చేరేసరికి పది దాటింది.

సమ్మక్క అరుగు మీద బీడీలు చుడుతోంది. పక్కన సయీదా బేగం. వెనకింటి మనిషి, ఆటో సత్తార్ భార్య. ఇద్దరి ఒళ్లోనూ చాటలు.

“అన్న, అచ్చినవా. కూసో. పురుడు కాలేదు, అర్రలకు పోవద్దు. దర్వాజ కాడికెళ్లి సూడు మనుమరాలిని,” అంది సమ్మక్క.

తలుపు సందులోంచి పొగ వాసన. లోపల మంచం కింద నిప్పుల కుంపటి. శ్రీలత గొంగడి కప్పుకుని ఉంది. పిల్ల పక్కన నిద్రపోతోంది.

“ఎట్లున్నవ్ బిడ్డ?”

“బాపు.” గొంగడి మెడ దాకా లాక్కుంది. “సలి పెడ్తంది. దూపయితంది.”

బయట మబ్బు పట్టి ఉక్కపోస్తోంది. నా అంగీ వీపుకు అంటుకుంది. కుంపటి మీద పడుకున్న మనిషికి చలి.

“నీళ్లియ్యి చెల్లె,” అన్నాను.

“పచ్చి బాలింత అన్న. నీళ్లు తాగితే కడుపుబ్బుతది. పొద్దుగాల సగం గిలాస ఇచ్చిన.”

“రక్తం పోతందా?”

సమ్మక్క చేతిలో ఆకు ఆగింది. సయీదా బేగం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాట మొగవాడు అడగకూడదు.

“పోతది. మైల రక్తం గది. ఎంత పోతే గంత మంచిది.”

“ఎన్ని గుడ్డలు మార్చిండ్రు?”

“ఏందన్న గా మాటలు. ఆడోళ్ల ముచ్చట నీకెందుకు?”

“పొద్దున లేచినంక ఉచ్చకు పోయిందా?”

సమ్మక్క నవ్వింది. “సత్యవదినె పోయినంక మా అన్నకు మతి తప్పింది సయీదా. బిడ్డ ఉచ్చ సంగతి అడుగుతున్నడు.”

సయీదా బేగం నవ్వలేదు. కొంగు తీసేసింది. “అడిగిండు గద, చెప్పు సమ్మక్క. నిన్న పొద్దుందాక బకెట్ నిండ గుడ్డలు పిండిన. ఇయ్యాల మళ్ల నిండింది. ఉచ్చకు లేవనే లేదు పిల్ల. నేనే అడిగిన. అస్తలేదు అన్నది.”

నేను చెప్పులు విడిచి అర్రలోకి వెళ్లాను.

వెనక సమ్మక్క లేచిన చప్పుడు. “అన్న. పురుడు కాలేదంటే ఇనబడ్తలేదా? అంటుడయితది.”

“కానీ,” అన్నాను.

శ్రీలత చెయ్యి పట్టుకున్నాను. అది పెద్దమనిషి అయిన తర్వాత దాని చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. కుంపటి సెగకు దాని వీపంతా చెమట. చెయ్యి మాత్రం బావిలోంచి తీసిన చెంబులా ఉంది. మోచేతి దాకా అదే చల్లదనం. కాళ్లు చూశాను, పిక్కల దాకా అంతే. బొటనవేలి గోరు గట్టిగా ఒత్తి వదిలాను. తెల్లగా అయింది. నా గోరైతే ఒకటి అనేలోపు ఎర్రబడుతుంది. అది ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు అన్నాక కొంచెం రంగు తిరిగింది. ఆ డాక్టరమ్మ నాకు నేర్పిన విద్య అది. సత్యవ్వను గుడ్డలో చుడుతుంటే నేర్పింది.

కుంపటి రెండు చేతులా ఎత్తుకుని వాకిట్లో పెట్టి వచ్చాను. అరచేతులు కాలాయి.

సమ్మక్క దర్వాజకు అడ్డం నిలబడింది. “చేతులు సల్లగున్నయనే గద కుంపటి పెట్టింది. నేను ఇంకోటి గూడ పెడ్దామనుకుంటున్న. నువ్వు ఉన్నది తీస్తివి. రేపు దానికి వాతం పడితే ఎవరికి చెప్పుకోవాలె?”

ఆమె చెడ్డది కాదు. ఆమెకు అత్త చేసింది, తను కోడలికి చేస్తోంది. కానీ మా ఊళ్లో ఒక ఏడు నాయిన జ్వరంతో పడి ఉంటే, చివరి మళ్ల ఆసామి ఒకడు నాయిన కట్టిన కట్టలన్నీ తవ్వి నీళ్లు తన వైపు మళ్లించుకున్నాడు. పూటలో కాలువ ఖాళీ అయింది. వాడి మడి తడవలేదు. నారుమళ్లూ పోయాయి. ఒళ్లు ప్రాణం కాపాడుకోవడానికి చర్మానికి పోయే దారులు కట్టుకుంటే, వీళ్లు నిప్పులు పెట్టి ఆ దారులు తెరుస్తున్నారు. పైగా తాగడానికి నీళ్లు ఇవ్వరు.

ఇదంతా సమ్మక్కకు చెప్పలేదు. చెబితే వినే సమయం దాటిపోయింది. “ఆసుపత్రికి తీస్కపోత. జరుగు,” అన్నాను.

“నా కొడుకును అడగకుంట ఎట్ల తీస్కపోతవ్?”

కొడుకు నవీన్ మస్కట్‌లో ఉన్నాడు. ఫోన్ కలిపి నా చేతికిచ్చింది. తెర మీద నెత్తిన ప్లాస్టిక్ టోపీ, వెనక ఇనుప స్తంభాలు.

“మామా, ఏమైంది? అమ్మ ఏడుస్తంది.”

“నీ పెండ్లానికి ఒంట్ల రక్తం లేదు. జగిత్యాల తీస్కపోత.”

“వేణు డాక్టర్ను పిలిపియ్యిండ్రి మామా. ఆయన సూసి చెప్తె పోదురు. అమ్మకు తెల్సు గీ బాలింతల సంగతి.”

“నీకేం తెల్సు?”

సమ్మక్క ఫోన్ లాక్కుని వేణుకు కలిపింది.

వేణు రెండు గల్లీల అవతలే ఉంటాడు. పట్టా ఉన్న డాక్టరు కాదు, సూదులేసే డాక్టరు. బండి దిగి వచ్చి, గడప బయట నుంచే, దర్వాజ పక్కనున్న మంచం దాకా చెయ్యి చాచి పట్టీ కట్టాడు. అతనికీ పురుడు అడ్డమే. బల్బు ఒత్తి, వదిలి, మొహం విప్పార్చుకున్నాడు.

“నూటపది బీపీ. మస్తుగున్నది. కాకా, ఊకెనే పరేషాన్ అయితున్నవ్.”

“కిందిది ఎంత?”

“తొంభై.”

“నాడి ఎంత కొట్టుకుంటంది?”

పట్టి చూశాడు. పెదవులు కదిలాయి. “నూటముప్పై. బాలింతలకు ఉంటది. నీరసం. ఒక బాటిల్ పెడ్త, బలం సూది ఏస్త.”

సత్యవ్వకు వేసిందీ బలం సూదే. “సెయ్యి పట్టి సూడు,” అన్నాను. “గోరు ఒత్తు. ఎంతసేపటికి రంగు అస్తదో సూడు.”

“కాకా, నువ్వు సాంచెలు నడుపుతవా, డాక్టర్‌గిరి చేస్తవా?”

“సాంచెలే నడుపుత. పోగు తెగితే సాంచె ఆపుత. నువ్వు తెగిన పోగు మీద బట్ట నేస్తవ్.”

సయీదా బేగం అప్పటికే వెనకింటి వైపు తిరిగి భర్తను పిలుస్తోంది. “ఏమయ్యా, ఆటో బయటికి తియ్యి. జల్ది.”

వేణు పట్టీ చుట్టుకుంటూ అన్నాడు. “తొవ్వల ఏమన్న అయితే నా మీదికి రావద్దు. బీపీ మంచిగున్నదని నేను చెప్పిన. అందరు ఇన్నరు.”

“ఇన్న,” అన్నాను. “గీ మాట నాకు చెప్పినోళ్లల్ల నువ్వు నాలుగోవానివి.”

శ్రీలతను లేపి కూర్చోబెట్టాను. కూర్చోగానే కళ్లు పైకి తేలాయి. తల నా భుజం మీద పడింది. సమ్మక్క అరవలేదు. గోడ పట్టుకుని కింద కూలబడింది. ఆ గడప ముందు నుంచి ఇప్పుడు ఎవరినీ జరగమని అడిగే పని లేదు. శ్రీలతను రెండు చేతుల మీద ఎత్తుకున్నాను. మంచం కింద నేల మీద ఇంకా కుంపటి వేడి ఉంది. పరుపు తీసి చూసే ధైర్యం నాకు లేదు. సయీదా బేగం చూసింది. “యా అల్లా,” అని మెల్లగా అంది. పసిపిల్లను తన ఒళ్లోకి తీసుకుంది.

ఆటో వెనక సీటులో పడుకోబెట్టి, కాళ్లు నా ఒళ్లో ఎత్తి పెట్టుకున్నాను. చివరి మళ్ల నీళ్లు తిరిగి కాలువలోకి రావాలంటే అంతకన్నా నా చేతిలో ఏముంది. కోరుట్ల దాటేసరికి కళ్లు తెరిచింది.

“బాపు. అవ్వ గూడ గిట్లనే అన్నదా? సలి పెడ్తందని?”

“మాట్లాడకు.”

“అన్నదా?”

“అన్నది.”

మళ్లీ కళ్లు మూసుకుంది. నేను దారంతా దాని గోరు ఒత్తుతూ లెక్కపెట్టాను. ఐదు. ఐదు. ఆరు. సత్తార్ అద్దంలోంచి నన్ను చూస్తున్నాడు.  హారన్ మీద నుంచి చెయ్యి తీయకుండా నడిపాడు. జగిత్యాల కనిపించేసరికి నేను ఏడు లెక్కపెట్టాను.

ఆసుపత్రిలో బీపీ చూసిన నర్సు రెండోసారి చూసింది. డెబ్బై. పరుగెత్తింది. అంటే అప్పటిదాకా ఒళ్లు బిగబట్టుకునే ఉంది, దారిలో వదిలేసింది. నలుగురు వచ్చి ట్రాలీ లాక్కెళ్లారు. కాన్పులో పడిపోవాల్సిన మాయ ముక్క ఒకటి లోపల ఉండిపోయిందట. అది ఉన్నంతసేపు గర్భసంచి ముడుచుకోదట, ముడుచుకోకపోతే రక్తం ఆగదట. డాక్టరు ఈ సంగతి చెబుతూ చేతికి తొడుగులు వేసుకుంటున్నాడు. నలభై ఏళ్లు ఉంటాయి.

“ఇంకొక గంట ఆలస్యమైతే…” అన్నాడు.

“గంట సంగతి నాకు చెప్పకు సార్. మీరు లోపలికి పోండ్రి.”

నా వైపు ఒకసారి చూసి వెళ్లాడు. కోపం వచ్చిందో లేదో నాకు అనవసరం.

నాలుగు సంచుల రక్తం ఎక్కించారు. సత్తార్ ఒకటి ఇచ్చాడు, నేను ఒకటి ఇచ్చాను. నీ వయసుకు వద్దు అన్నారు. నేను వయసు రెండేళ్లు తగ్గించి చెప్పాను. సాయంత్రం నాలుగింటికి లోపలికి పిలిచారు. శ్రీలత నిద్రలో ఉంది. మంచం పక్కన వేలాడే సంచీలో అరచేతి లోతు మూత్రం నిండి ఉంది. కిడ్నీలు తిరిగి పని మొదలుపెట్టాయి అంది నర్సు. నేను దాని పాదం పట్టుకుని చూశాను. గోరువెచ్చగా ఉంది. అప్పుడు బయటికి వచ్చి, గోడవైపు తిరిగి నిలబడ్డాను. 

మరుసటి రోజు సమ్మక్క వచ్చింది. పిల్లను సయీదా బేగం ఎత్తుకుని వచ్చింది. వరండాలో ఒకటే బెంచీ. నేను జరగలేదు. సమ్మక్క నేల మీద కూర్చుంది.

“నాకు తెల్వదన్న.”

“తెల్వకపోతే అడగాలె.”

“ఎవరినడగాలె? మా అత్త నాకు గిట్లనే చేసింది. నేను బతకలేదా?”

“నువ్వు బతికినవ్. బతకనోళ్లు అచ్చి చెప్పరు గద.”

సమ్మక్క చీర అంచు దారం ఒకటి లాగుతూ కూర్చుంది.

“మా తోడికోడలు లింగవ్వ,” అంది చివరికి. “ఐదో దినం పోయింది. పొద్దుందాక సలి సలి అన్నది. మా అత్త రెండు కుంపట్లు పెట్టిచ్చింది. నేనే ఊదిన. గాలి సోకింది అన్నరు. నేను గూడ గట్లనే అనుకున్న అన్న, ఇన్నేండ్లు.”

 నేను అనబోయిన చెడ్డ మాట ఆమె తనే అనేసుకుంది. సయీదా బేగం పిల్లను ఆమె చేతుల్లో పెట్టింది.

ఐదు రోజులకు ఇంటికి పంపుతామన్నారు. శ్రీలతను సిరిసిల్లకు తీసుకుపోతానని చెప్పాను. నవీన్ ఫోన్‌లో సరే మామా అన్నాడు. ఇప్పుడు దేనికైనా సరే అంటాడు. శ్రీలతే ఒప్పుకోలేదు.

“నా ఇల్లు కోరుట్లల ఉన్నది బాపు. గాడికే పోత.”

“మళ్ల గా అర్రలకా?”

“గా అర్రలకే. నువ్వు సుత రా. ఉండు.”

“పిల్లనిచ్చిన ఇంట్ల నేనుండుడేంది? నల్గురు ఏమంటరు?”

“పురుడు కాని అర్రలకు అచ్చి నన్ను ఎత్తుకపోయినవ్. అప్పుడు నల్గురు యాదికి రాలేదా?”

తల్లి నోరే దీనికి వచ్చింది. సత్యవ్వ కూడా ఇలాగే మాట్లాడి నోరు మూయించేది.

వచ్చాను. అర్రలోనే, మంచానికి ఎదురుగా చాప వేసుకున్నాను. పురుడు చేసిన రోజు సమ్మక్క వైపు చుట్టాలు దిగారు. అందులో ఆమె పెద్దక్క ఒకామె గడపలో నిలబడి నన్ను ఎగాదిగా చూసింది.

“గీ మొగ మనిషి అర్రల ఏం చేస్తున్నడే సమ్మక్క? బిడ్డింట్ల తిని పండేటోన్ని ఈడనే సూస్తున్న.”

“తినుకుంట పంటున్న,” అన్నాను. “నీకు జాగ తక్కువైతే అరుగు మీద కూసో.”

శ్రీలత చెంబెత్తి నీళ్లు తాగుతోంది. ఆ పెద్దావిడ చెంబు వైపు వేలు చూపింది. “గట్ల చెంబుకు చెంబు తాగిపిస్తున్నరేందే పచ్చి బాలింతకు? కడుపు ఉబ్బి సస్తది.”

సమ్మక్క చాటలోంచి తల ఎత్తలేదు. ఆకు కత్తిరిస్తూ అంది. “తాగనియ్యి అక్క. నేనే పోసిచ్చిన.”

అంతమాత్రానికి నేను సమ్మక్కను క్షమించలేదు. ఆమె అడగనూ లేదు. వేణు ఒకసారి ఇంటి ముందు బండి నెమ్మదిగా నడిపి, నన్ను చూసి వేగం పెంచాడు. పొద్దున సమ్మక్క చాయ్ తెచ్చి నా ముందు పెడుతుంది. తాగుతాను. మాట్లాడుకోము. రోజూ రెండు పూటలా శ్రీలత గోరు ఒత్తి చూస్తాను. ఒకటి అనేలోపు ఎర్రబడుతుంది. ఇక చాలు బాపు అంటుంది. నేను వినను.

ఇరవై ఒకటో రోజు దాకా ఈ అర్రలోనే ఉంటాను. లేవమనేవాడు కోరుట్లలో ఎవడైనా ఉంటే వచ్చి నా ముందు నిలబడి చెప్పమనండి.